సర్వరు అక్కరలేని వెబ్ పుటలు

ఇంటర్నెట్టు లేనిచో వెబ్ పుటతో పనియేమున్నదని పలువురు తలంతురు. ఈ అభిప్రాయము సరికాదని వెబ్ చరిత్రయే తెలుపుచున్నది.

వెబ్ పుట యనగా గుర్తులతో కూడిన సామాన్యమైన ఫైలు. ఇది శీర్షిక, ఇది పేరా, ఇది మరొక పుటకు లింకు అని ఆ గుర్తులు సూచించును. వానిని గ్రహించి పుటను తెరపై చూపు ప్రోగ్రాము బ్రౌజరు. దూరమునుండి అడిగినవారికి పుటలను పంపు కంప్యూటరు సర్వరు. పుట తన కంప్యూటరులోనే యున్నవానికి సర్వరుతో నిమిత్తము లేదు.

జెనీవా నగరము చెంతగల సెర్న్ పరిశోధనాలయములో టిమ్ బెర్నర్స్-లీ అను ఆంగ్లేయుడు 1989 మార్చిలో ఒక సమాచార విధానమును ప్రతిపాదించెను. 1990 చివరకు నెక్స్ట్ కంప్యూటరుపై తొలి బ్రౌజరును నిర్మించెను. అది పుటలను చదువుటకే గాక దిద్దుటకును పనికివచ్చెను. అయితే దిద్దిన పుటను సర్వరుకు పంపు ఏర్పాటు అందు లేకుండెను. అందుబాటులోనున్న డిస్కులోని ఫైళ్ళను మాత్రమే దిద్ద వీలుండెను. కనుక వెబ్ రచన ఫైలు రూపముననే మొదలైనదనవచ్చును.

1993లో వెలువడిన మొజాయిక్ బ్రౌజరు మూలమున వెబ్ లోకవ్యాప్తి చెందెను. కాని దానితో పుటలను చదువుటయే గాని దిద్దుట సాధ్యము కాలేదు. వ్రాయువారు వేరొక ప్రోగ్రామును ఆశ్రయింపవలసివచ్చెను.

2004లో బ్రిటనుకు చెందిన జెరెమీ రస్టన్ టిడ్లీవికీని విడుదల చేసెను. ఇది ఒకే ఫైలు. వ్రాసిన విషయములును, వానిని దిద్దు ప్రోగ్రామును అందే ఇమిడియుండును. పిమ్మట ఫైర్‌ఫాక్స్ బ్రౌజరులో ఆ ఫైలు తన మార్పులను తానే డిస్కుపై భద్రపరచుకొనగలిగెను. అయితే ఇట్టి స్వేచ్ఛ దొరికినచో దుర్బుద్ధితో వ్రాసిన పుట ఇతర ఫైళ్ళను చెరుపగలదు గదా! కావున బ్రౌజరులు దానిని క్రమముగా అరికట్టినవి. 2017 నవంబరులో ఫైర్‌ఫాక్స్ 57 వచ్చుటతో, ఇందుకు తోడ్పడుచుండిన టిడ్లీఫాక్స్ పనిచేయుట మానెను. వేరే సహాయక ప్రోగ్రాము లేనిచోట, మార్చిన పుటను క్రొత్త ప్రతిగా డౌన్‌లోడు చేసికొనవలెను.

సాదా గుర్తులతో వ్రాసిన పుటలకు ఈ చిక్కు లేదు. సెర్న్‌లో వ్రాసిన తొలినాటి పుటలను నేటి బ్రౌజరులును చూపుచున్నవి. అట్టి పుటలు వ్రాయువారు రెండు నియమములు పాటింపవలెను. పుటలన్నిటిని ఒకే ఫోల్డరులో నుంచి, లింకులలో ఫైలుపేరు మాత్రమే వ్రాసినచో, ఫోల్డరును పెన్‌డ్రైవులో ఎచ్చటికి చేర్చినను లింకులు చెడవు. అక్షరముల సంకేతము యూటీఎఫ్-8 అని పుటలోనే పేర్కొనవలెను. ఆ మాట తెలుపుటకు సర్వరు ఉండదు. తెలుపనిచో తెలుగు అక్షరములు అర్థము లేని గుర్తులుగా కనిపించవచ్చును.

ఇంటర్నెట్టు అందని పాఠశాలలో ఉపాధ్యాయుడు తన పాఠములను ఈ రీతిగా కూర్చి ఏటేట సరిదిద్దుకొనవచ్చును. తొలి నెక్స్ట్ కంప్యూటరుపై జరిగిన రచనయు ఇట్టిదే.