ఖనిజం దిగే కొండ, నీరు దిగే కొండ

విశాఖ చరిత్ర చెప్పేవాళ్లు ఎక్కువగా 1933లో ఓడరేవు తెరుచుకోవడంతో మొదలుపెడతారు. కొత్తవలస–కిరండూల్ రైలుమార్గం, 1976 నాటి ఔటర్ హార్బర్, 1992లో జాతికి అంకితమైన ఉక్కు కర్మాగారం వరసగా వస్తాయి. ఇదంతా ఖనిజం నడిచిన దారి. బైలదిలా ఇనుము, దామన్‌జోడి అల్యూమినా ఈ రేవు మీదుగానే ఓడలెక్కాయి. అయితే తూర్పు కనుమలు ఈ నగరానికి ఖనిజంతో పాటు నీటినీ పంపాయి. గోస్తని మీద తాటిపూడి, శారద మీద రైవాడ, ఊరి అంచున మేఘాద్రిగెడ్డ జలాశయాలు లేకపోతే రేవు పట్నం మహానగరంగా పెరిగేది కాదు. అదే కనుమల్లోని మన్యంలో బాక్సైట్ తవ్వకం మీద సాగిన పోరాటాన్ని మనం గిరిజనుల భూమి హక్కు తగాదాగానే చదువుకున్నాం. అది ముమ్మాటికీ భూమి హక్కు పోరాటమే. కానీ దాన్ని విశాఖ నీటి చరిత్రలోనూ రాసుకోవాలి.

ఎందుకో తెలియాలంటే ఆ కొండల కట్టుబడి చూడాలి. సింగరేణిలో ఓపెన్‌కాస్ట్ గనులు భూగర్భ జలమట్టం కిందికి దిగుతాయి. బొగ్గు తీయాలంటే గోతిలోకి ఊరే నీటిని రాత్రింబవళ్లు పంపులతో తోడెయ్యాలి. అలా తోడేకొద్దీ చుట్టుపక్కల ఊళ్ల బావుల్లో మట్టం పడిపోతుంది. బాక్సైట్ సంగతి వేరు. అది కొండ నెత్తి మీదే ఉంటుంది. ఖోండలైట్ రాయి లక్షల ఏళ్లు వానకు నాని, మెత్తబడి, కరిగేది కరిగిపోగా మిగిలిన పొర అది. ఆ పొర నిండా సందులే. వాన నీరు అందులోకి ఇంకి, అడుగున ఉన్న బంకమట్టి పొరను తాకి, పక్కలకు జరిగి, కొండవాలులో ఊటగా బయటపడుతుంది. ఆ ఊటలే గెడ్డలవుతాయి. పంపుల అవసరం లేని గ్రావిటీ పథకాలతో తాగునీరు తెచ్చుకునే గూడేలకు ఎండాకాలంలోనూ ఆధారం అవే. గాలికొండ, రక్తకొండ నిక్షేపాలున్న అనంతగిరి కొండల్లోనే గోస్తని పుడుతుంది. జెర్రెల నిక్షేపాలున్న చింతపల్లి కొండల నీరు కొంత తాండవ వైపు, కొంత సీలేరు వైపు దిగుతుంది.

తవ్వకం చరిత్ర ఈ నీటి దారి పక్కనే నడిచింది. అనంతగిరి మండలం నిమ్మలపాడు ప్రాంతంలో గనుల లీజుల మీద సమత అనే స్వచ్ఛంద సంస్థ మొదలుపెట్టిన వ్యాజ్యం 1997 జులై 11న సుప్రీంకోర్టు సమత తీర్పుగా ముగిసింది. షెడ్యూల్డ్ ప్రాంతంలో ప్రభుత్వ భూమిని సైతం గిరిజనేతర సంస్థలకు లీజుకివ్వకూడదని ఆ తీర్పు తేల్చింది. ప్రభుత్వ సంస్థలు తవ్వుకునే దారి మాత్రం మిగిలింది. రాష్ట్ర ఖనిజాభివృద్ధి సంస్థ తవ్వి ప్రైవేటు కర్మాగారాలకు ఇచ్చేలా 2005లో జిందాల్‌తో, 2007లో యూఏఈలోని రస్ అల్ ఖైమాతో ఒప్పందాలు కుదిరింది ఆ దారిలోనే. 2015 నవంబరులో జీవో 97 జెర్రెల కొండల్లో 1,212 హెక్టార్ల అడవిని తవ్వకానికి ఇచ్చింది. మన్యం భగ్గుమంది. ఉత్తర్వు ముందు ఆగింది, 2019లో రద్దయింది. 2007 ఒప్పందం ప్రకారం మాకవరపాలెం దగ్గర శుద్ధి కర్మాగారం లేచింది గానీ మన్యం బాక్సైట్ దాకా దాని చెయ్యి చేరలేదు.

తవ్వకాన్ని సమర్థించేవాళ్ల వాదనలను కొట్టిపారేయలేం. తవ్విన గోతుల్లో వాన నీరు నిలిచి ఇంకా ఎక్కువే ఇంకుతుందన్నది మొదటిది. ఇంకవచ్చు. కానీ ఊటకు ప్రాణం నీరు ఇంకడంతో పాటు నెమ్మదిగా విడుదల కావడంలో ఉంది. ఆగస్టు వానను మే నెల దాకా దాచిపెట్టే పొరనే లారీలకెత్తితే, ఇంకిన నీటిని అంతకాలం పట్టి ఉంచేదేముంది? పైగా తవ్వకం రోడ్ల నుంచి, మట్టి కుప్పల నుంచి కొట్టుకొచ్చే ఒండ్రు జలాశయాల అడుగున చేరి నిల్వను తగ్గిస్తుంది. పోడు వల్ల కొండలు ఇప్పటికే బోడివయ్యాయన్నది రెండోది. పోడు దెబ్బ నిజమే. అయితే విడిచిపెట్టిన పోడులో అడవి తిరిగి మొలుస్తుంది, కాఫీ తోటల నీడకు చెట్లు నిలుస్తాయి. తీసేసిన రాతిపొర ఏ తరానికీ తిరిగి రాదు. ఏలేరు కాలువ ఉండగా నగరానికి కొండ నీళ్లెందుకన్నది మూడోది, అన్నిటికంటే బలమైనది. నిజంగానే విశాఖ దాహం చాలావరకు తీర్చేది ఆ కాలువే. కానీ ఉక్కు కర్మాగారానికీ అదే ఆధారం. ఒకే కాలువను నమ్ముకున్న నగరం వానలు మొహం చాటేసిన ఏడాది దగ్గరి జలాశయాల వైపే చూడాలి. కొండ మీది గూడేలకైతే ఏలేరు ఎన్నటికీ ఎక్కిరాదు.

2022లో జిల్లాల విభజనతో ఈ కొండల్లో ఎక్కువ భాగం అల్లూరి సీతారామరాజు జిల్లాలోకి వెళ్లింది. నగరం వేరే జిల్లాలో ఉంది. ఇక కొండల సంగతి ఆ జిల్లా కేంద్రం పాడేరు చూసుకుంటుందని నగరం అనుకుంటే అది ప్రమాదకరమైన మరుపు. 2015 నాటి ఉత్తర్వును 2019లో ఇంకో ఉత్తర్వు రద్దు చేసింది. రేపు మరో ఉత్తర్వు దాన్నీ తిరగరాయగలదు. కాబట్టి రక్షణ ఉత్తర్వుల మీద కాక చట్టం మీద నిలవాలి. ప్రతి గెడ్డలో ఏ నెల ఎంత నీరు పారుతోందో కొలిచి, లెక్కలు గ్రామసభల ముందూ నగర ప్రజల ముందూ పెట్టాలి. ఆ కొండలను నగర తాగునీటి పరీవాహక ప్రాంతంగా చట్టంలో గుర్తించాలి. మన్యం ప్రజలు ఇన్నేళ్లు ఒంటరిగా కాపాడిన నీటిలో విశాఖకూ వాటా ఉంది. కాపాడే బాధ్యతలోనూ ఆ వాటా తీసుకోవాలి.