రేగడి దారులు, గేరు పళ్లు: ఆదోని, ఎమ్మిగనూరు రవాణాలో ఇంధనపు లెక్క

ఆదోని, ఎమ్మిగనూరు ప్రాంతపు చరిత్రను పత్తి ధరలతోనో మగ్గాల సంఖ్యతోనో చెప్పడం పరిపాటి. అయితే ఒక బరువును ఒక ఊరి నుంచి మరొక ఊరికి చేర్చడానికి ఎంత మేత, ఎంత బొగ్గు, ఎంత డీజిలు ఖర్చయిందన్న కోణం నుంచి చూస్తే, ఇక్కడి వర్తకం ఎందుకు ఫలానా దారినే పట్టిందో మరింత తేటగా బోధపడుతుంది. ఈ ఖర్చును మొదట నిర్ణయించింది నేల స్వభావమే. ఎండాకాలంలో నెర్రెలు విచ్చి గట్టిపడే నల్లరేగడి, నాలుగు వానలు పడగానే జిగురుగా మారి చక్రాన్ని పట్టుకుంటుంది కాబట్టి, అదే బండిని అదే ఎడ్లు లాగినా కాలాన్ని బట్టి శ్రమ ఎన్నో రెట్లు మారేది. చక్రం దొర్లడానికి నేల చూపే ఎదురుపట్టును నేటి వాహనశాస్త్రం దొర్లుడు నిరోధం అంటుంది. దానిని తగ్గించడానికి ఆనాటి రైతు చేయగలిగింది ఇరుసుకు కందెన పూయడం, చక్రానికి ఇనుప కమ్మి బిగించడం, వానలు వెనకబట్టేదాకా ఆగడం మాత్రమే.

మద్రాసు రైల్వే వారి వాయవ్య మార్గం గుంతకల్లు, ఆదోని మీదుగా 1871లో రాయచూరు చేరి బొంబాయి వైపు నుంచి వచ్చిన మార్గంతో కలిసింది. అప్పటికి బళ్లారి జిల్లాలో భాగమైన ఆదోని ఆ ఒక్క మార్పుతో రెండు మహానగరాల రేవులకూ చేరువైంది. ఎమ్మిగనూరుకు మాత్రం రైలు రాలేదు. దీని పర్యవసానం చిన్నది కాదు. ఇనుప పట్టాల మీద ఇనుప చక్రానికి ఎదురుపట్టు అత్యల్పం గనుక దూరప్రయాణం చవకైంది, కాని పొలం నుంచి స్టేషను వరకు ఉన్న కొద్ది మైళ్లూ మేత మీదే నడిచాయి. 1876–78 నాటి మహాకరువులో గడ్డి, చొప్ప దొరక్క పశువులు కూలిపోయినప్పుడు ఆ బలహీనత బయటపడింది: రైలు స్టేషనులో ధాన్యం దింపగలిగినా, దానిని ఊళ్లకు మోయవలసిన ఎడ్లకు తిండి లేదు. ఇంధన కొరత అనే మాటను పెట్రోలుకే పరిమితం చేసే అలవాటు మానితే, రాయలసీమ ఎరిగిన అతి క్రూరమైన ఇంధన కొరత అదేనని చెప్పడం అతిశయోక్తి కాదు.

పత్తి మోతలో మరొక చిక్కుంది. గింజ తీయని పత్తి తేలికైనదే గాని చాలా చోటు ఆక్రమిస్తుంది. బండి నిండినా బరువు నిండదు. గింజను వేరుచేసే జిన్నింగు మిల్లులు, దూదిని బేళ్లుగా అదిమే ప్రెస్సులు ఆదోనిలో పెరగడం వల్ల, రైలు పెట్టెలోనైనా లారీలోనైనా అంతే చోటులో ఎన్నో రెట్ల సరకు పట్టి, కిలో దూదికి అయ్యే ఇంధనం ఆ మేరకు తగ్గింది. ఇంజనుల మెరుగుదలకు ఇచ్చే ఘనతలో కొంత ఈ ప్రెస్సులకూ దక్కాలి.

మాచాని సోమప్ప 1938లో ఎమ్మిగనూరులో నేతగాళ్ల సహకార సంఘాన్ని నెలకొల్పేనాటికి మోటారు బస్సు ఈ ప్రాంతానికి కొత్త కాదు, కాని మరుసటి ఏడాదే యుద్ధం మొదలైంది. 1941లో పెట్రోలుకు రేషను వచ్చాక మద్రాసు రాష్ట్రమంతటా బస్సులకు బొగ్గుగ్యాసు పొయ్యిలు అమర్చారు. చాలీచాలని గాలిలో కట్టెబొగ్గును మండిస్తే వెలువడే కార్బన్ మోనాక్సైడును చల్లార్చి, వడకట్టి ఇంజనులోకి పంపడం ఆ పద్ధతి. క్లీనరు తెల్లవారుజామునే పొయ్యి రాజేసి గాలితిత్తి తిప్పితే గాని బండి కదిలేది కాదు. పెట్రోలుతో పోలిస్తే శక్తి బాగా తగ్గేది కాబట్టి ఏ కొద్దిపాటి ఎత్తు వచ్చినా డ్రైవరు కింది గేరులోకి దిగవలసిందే. బొగ్గు బస్సు నడిపినవారికి గేరు మార్చే సమయమెంత విలువైనదో ఈ కష్టమే నేర్పింది.

ఇక్కడ గేరు పనితీరును కొంత వివరించాలి. ఇంజను ఒక పరిమితమైన వేగంలోనే పొదుపుగా పనిచేస్తుంది, చక్రం మాత్రం నిలిచిన స్థితి నుంచి గంటకు 60, 70 కిలోమీటర్ల దాకా తిరగాలి; ఈ రెండింటికీ పొత్తు కుదిర్చేవే గేరుపెట్టెలోని పళ్లచక్రాలు. పాత పెట్టెలలో వేగాలు సమం కాకముందే పళ్లు కలిపితే గర్రుమని కొరుక్కునేవి. అందుకే క్లచ్ తొక్కి న్యూట్రల్‌కు తెచ్చి, క్లచ్ వదిలి, కింది గేరుకైతే ఇంజను వేగం పెంచి, మళ్లీ తొక్కి గేరు వేసే డబుల్ క్లచ్ పద్ధతి తప్పనిసరి అయింది. పళ్ల వేగాలను ముందే సమంచేసే సింక్రోమెష్‌ను అమెరికాలో కాడిలాక్ 1928లో తెచ్చినా, భారతదేశపు లారీలలోకీ బస్సులలోకీ అది రావడానికి దశాబ్దాలు పట్టింది.

1953 అక్టోబరు 1న ఆంధ్ర రాష్ట్రం ఏర్పడినప్పుడు ఆదోని, ఆలూరు తాలూకాలు బళ్లారిని విడిచి కర్నూలు జిల్లాలో చేరాయి. దానితో కచేరీ పనులకు సాగే ప్రయాణం కర్నూలు రోడ్డు మీదికి మళ్లింది. ఆ దశాబ్దంలోనే డీజిలు ఇంజను పెట్రోలు ఇంజనును బరువు వాహనాలలోంచి తోసివేయసాగింది, ఎందుకంటే గాలిని ఎక్కువగా అదిమి మండించే డీజిలు ఇంజను అదే పనిని తక్కువ ఇంధనంతో చేస్తుంది. కర్నూలు జిల్లా బస్సు మార్గాల జాతీయీకరణ మాత్రం సాఫీగా జరగలేదు. 1964లో సుప్రీంకోర్టు ఆ పథకాలను కొట్టివేయగా, తీర్పులోని వ్యాఖ్యల నేపథ్యంలో ముఖ్యమంత్రి నీలం సంజీవరెడ్డి పదవి విడిచారు. ఒక జిల్లా బస్సు రూట్లు ప్రభుత్వాధినేతనే మార్చిన సందర్భమది.

తరువాత ఆర్టీసీ డిపోలలో స్థిరపడిన కేఎంపీఎల్, అనగా లీటరు డీజిలుకు బస్సు నడిచిన కిలోమీటర్ల లెక్క, ఈ చరిత్రలో అత్యంత గౌరవించదగిన ఘట్టం. అది డ్రైవరు నైపుణ్యానికి అంకెల రూపమిచ్చింది. త్వరగా పై గేరుకు చేరి ఇంజనును నిదానంగా తిప్పడం, స్టాపు దూరంగా కనబడగానే యాక్సిలరేటరు నుంచి కాలు తీయడం, అనవసరంగా బ్రేకు తొక్కకపోవడం వంటి మెలకువలే లీటరుకు అర కిలోమీటరు తేడా తెస్తాయి. దిగుడులో న్యూట్రల్ వేస్తే ఆదా అనే నమ్మకం చాలామందిలో ఉంది గాని, గేరులోనే దిగుతున్న డీజిలు బండికి కాలు తీసిన క్షణంలో ఇంధనం దాదాపు ఆగిపోతుంది. న్యూట్రల్‌లో అయితే ఇంజను నిలిచి తిరగడానికే నూనె తాగుతుంది, పైగా భారమంతా బ్రేకుల మీద పడుతుంది.

ఆటోమేటిక్ గేరుకు మైలేజీ తక్కువన్న అపకీర్తి నిరాధారమైనది కాదు. 1940 మోడలు ఓల్డ్స్‌మొబీల్ కార్లతో అమెరికాలో వ్యాపించిన ఈ రకపు పెట్టెలలో ఇంజను శక్తి ద్రవం ద్వారా చేరేది, ఆ ద్రవపు జారుడులో కొంత శక్తి వేడిగా పోయేది. అవసరమైనప్పుడు ఆ జారుడును బిగించి ఆపే లాకప్ క్లచ్ తరువాతి కాలంలో ఈ లోటును చాలావరకు పూడ్చింది. భారతదేశంలో 2014లో వచ్చిన మారుతి సెలెరియో వేరే తోవ తొక్కింది: మామూలు మాన్యువల్ పెట్టెనే ఉంచి, క్లచ్ తొక్కే పనినీ గేరు మార్చే పనినీ యంత్రానికి అప్పగించింది. మాన్యువల్ సెలెరియోకూ ఈ రకానికీ కంపెనీ ప్రకటించిన మైలేజీ లీటరుకు 23.1 కిలోమీటర్లే. డబుల్ క్లచ్ డ్రైవరు చేతిలో ఉన్న విద్య, ఆ విధంగా, కొంతవరకు యంత్రంలోకి మారింది.

1997లో జపానులో టొయోటా ప్రియస్‌తో పెద్ద ఎత్తున మొదలైన హైబ్రిడ్, ఇంజనుతో పాటు మోటారునూ బ్యాటరీనీ చేర్చి, బ్రేకు వేసినప్పుడు వృథా అయ్యే శక్తిని విద్యుత్తుగా దాచుకుంటుంది. 2022లో విడుదలైన గ్రాండ్ విటారా అంకెలు దీనిని స్పష్టంగా చూపుతాయి: లీటరుకు మాన్యువల్‌కు 21.11, ఆటోమేటిక్‌కు 20.58, పూర్తి హైబ్రిడ్‌కు 27.97 కిలోమీటర్లు. అయితే ఇవి ఆగుతూ సాగే నడకను కూడా కలిపి ప్రయోగశాలలో కొలిచినవి. ఆదోని మార్కెట్ వీధుల్లో పత్తి లారీలకూ ఆటోలకూ నడుమ అడుగడుగునా ఆగే కారుకు ఈ లాభం నిండుగా దక్కుతుంది. ఎమ్మిగనూరు నుంచి కర్నూలుకు నిలకడైన వేగంతో సాగే కారు బ్రేకు తొక్కేది తక్కువ గనుక దాచుకునే శక్తీ తక్కువే. ఆ రోడ్డు మీద పై గేరులో నిదానంగా నడిచే మాన్యువల్ కారుకూ హైబ్రిడ్‌కూ మధ్య తేడా బాగా కుంచించుకుపోతుంది, హైబ్రిడ్‌కు అదనంగా పెట్టిన ధర ఇంధనంలో తిరిగి రావడానికి ఆ మేరకు ఎక్కువ కిలోమీటర్లు పడుతుంది.