కన్నీటి ద్వారం

ఎర్ర సముద్రం ఏడెన్ సింధుశాఖలో కలిసే ఇరుకుదారి బాబ్ ఎల్ మందెబ్. అరబ్బీలో ఆ పేరుకు కన్నీటి ద్వారమని అర్థం. ఒక ఒడ్డున యెమెన్, ఎదుటి ఒడ్డున జిబూతి, ఎరిత్రియా. నడుమ దాదాపు 30 కిలోమీటర్ల నీరు. పెరిమ్ దీవి ఆ నీటినీ రెండు పాయలు చేసింది.

1869లో సూయెజ్ కాలువ తెరవడంతో ఈ జలసంధి దశ తిరిగింది. ఐరోపా, ఆసియాల మధ్య తిరిగే ఓడలకు ఆఫ్రికాను చుట్టే శ్రమ తప్పింది. 1857లోనే పెరిమ్‌లో పాగా వేసిన బ్రిటిష్‌వారి హయాంలో ఆ దీవి ఆవిరి ఓడలకు బొగ్గు నింపే రేవయింది. దారి గుప్పిట్లో ఉండాలంటే కోటో, నౌకాదళమో కావాలన్నది అప్పటి లెక్క. 1973 అరబ్-ఇజ్రాయెల్ యుద్ధంలో ఇజ్రాయెల్ ఓడలకు ఇక్కడ అడ్డుపడిందీ ఈజిప్టు నౌకాదళమే. 2000 అక్టోబరు 12న ఆ లెక్క తప్పింది. ఏడెన్ రేవులో ఆగిన అమెరికా యుద్ధనౌక కోల్ పక్కకు ఓ చిన్న పడవ వచ్చి పేలింది. 17 మంది నావికులు చనిపోయారు.

చిన్న ఆయుధంతో పెద్ద ఓడను కొట్టే అదే ఎత్తుగడ తర్వాత ఆకాశానికెక్కింది. 2014లో యెమెన్ రాజధాని సనాను పట్టుకున్న హౌతీ తిరుగుబాటుదారులు ఇరాన్ అండతో డ్రోన్లు సమకూర్చుకున్నారు. గాజా యుద్ధం మొదలయ్యాక, 2023 నవంబరు నుంచి వాణిజ్య నౌకల మీదికి డ్రోన్లు, క్షిపణులు వదిలారు. డ్రోను ఖరీదు వేల డాలర్లు. దాన్ని కూల్చే నౌకాదళ క్షిపణికి పది లక్షల డాలర్లు దాటిపోవచ్చు. బలహీనుడి బలమంతా ఈ తేడాలోనే ఉంది.

2024 జనవరి 17 రాత్రి ఏడెన్ సింధుశాఖలో ఫాస్ఫేట్ రాయి మోసుకెళ్తున్న జెంకో పికార్డీ ఓడను డ్రోను ఢీకొట్టింది. కబురందిన గంటన్నరలోపే భారత యుద్ధనౌక విశాఖపట్నం అక్కడికి చేరింది. ఓడలోని 22 మందిలో 9 మంది భారతీయులు. మంటలు అదుపులోకి వచ్చాయి, ఎవరికీ గాయాలు కాలేదు. తెల్లవారుజామున పేలుడు పదార్థాల నిపుణులు ఓడెక్కి, దెబ్బతిన్న చోటంతా గాలించి, భయం లేదని తేల్చాకే ఆ ఓడ మళ్లీ కదిలింది. అందరికీ ఆ అదృష్టం దక్కలేదు. మార్చి 6న ట్రూ కాన్ఫిడెన్స్ ఓడ మీద పడిన క్షిపణి, గాజా యుద్ధంతో ఏ సంబంధమూ లేని ముగ్గురు నావికుల ప్రాణాలు తీసింది. అంతకు నాలుగు రోజుల ముందే, ఫిబ్రవరిలో దెబ్బతిన్న రూబిమార్ ఓడ దాదాపు 21,000 టన్నుల ఎరువుతో మునిగిపోయింది.

నిజానికి తగిలిన ఓడల కన్నా తగులుతుందేమోనన్న భయమే సరకు రవాణాను ఎక్కువగా కుదిపింది. బీమా రుసుములు ఎగబాకాయి. పెద్ద కంటెయినర్ సంస్థలు ఆఫ్రికా దక్షిణ కొసనున్న గుడ్‌హోప్ అగ్రం వైపు మళ్లాయి. ప్రయాణం పది రోజులకు పైగా పెరిగి, ఇంధనమూ కిరాయిలూ భారమయ్యాయి. 2023లో వెయ్యి కోట్ల డాలర్లు దాటిన సూయెజ్ రాబడి మరుసటి ఏడాది సుమారు 400 కోట్లకు పడిపోయింది. ఓడలు మళ్లీ 1869కి ముందరి దారి పట్టాయి.