పీడనము వీడినవారి వ్యాధి



నదీగర్భమున వంతెన స్తంభములకు పునాదులు త్రవ్వుటకై 19వ శతాబ్దమున పాశ్చాత్యులొక యుపాయమును గనిపెట్టిరి. అడుగులేని పెద్దపెట్టెను నీట దింపి, దానిలోనికి గాలిని బలముగా నెక్కించి, నీటిని వెలుపలికి నెట్టుదురు. దీనిని కైసను అందురు. పనివాండ్రందులో దిగి మన్ను త్రవ్వుచుండిరి. లోపల నున్నంతసేపు వారికి బాధ లేదు. పైకి వచ్చిన పిమ్మటనే కీళ్లనొప్పులు, కాళ్లు పడిపోవుట, ఒక్కొక్కప్పుడు మరణమును సంభవించుచుండెను. నొప్పిచే వంగి నడచువారిని జూచి తోడివారు దీనికి 'బెండ్సు' అని పరిహాసముగా పేరిడిరి. గాలిని పీల్చుచు సముద్రమున లోతుగా మునుగువారికిని వచ్చునది యీ వ్యాధియే.

కారణమేమందురా? గోళీసోడాను మీరెఱుగుదురు. గోళీ బిగిసియున్నంతకాలము వాయువు నీటిలో నణగియుండును. గోళీని నొక్కగనే బుడగలు పొంగి లేచును. అట్లే యధికపీడనమున బీల్చిన గాలిలోని నత్రజని రక్తమాంసములలో గరగును. పీడనము హఠాత్తుగా తగ్గినచో నది బుడగలై దేహమును బాధించును. ఫ్రాన్సు దేశీయుడగు పాల్ బేర్ 1878లో దీనిని ప్రకటించెను.

చికిత్స యంతకుముందే గోచరించినది. గనులలో నిట్టి పని చేయువారిని పరీక్షించి పోల్, వాటెల్ అను ఫ్రెంచివారు, మరల నధికపీడనములోనికి బోయినచో నొప్పి శమించునని 1854లోనే వ్రాసిరి. అయినను బ్రూక్లిన్ వంతెన కట్టుచోట నట్టి చికిత్సాగృహము లేకుండెను. ప్రధాన యింజనీరగు వాషింగ్టన్ రోబ్లింగ్ 1872లో నీ వ్యాధిచే మంచము పట్టెను. భార్య ఎమిలీ యాయన యాజ్ఞలను పనివారి కందించుచుండగా 1883లో వంతెన తెఱవబడెను.

1889లో హడ్సన్ నదిక్రింది సొరంగపు పనికి వచ్చిన ఎర్నెస్ట్ మోయిర్, పనివారు ఏటికి నూటికి 25 మంది చొప్పున మరణించుట జూచి, గాలినెక్కించు నినుపగదిని గట్టించెను. తరువాత 15 నెలలలో 120 మందికిగాను ఇద్దరే మృతినొందిరి. 1908లో హాల్డేన్, మేకలపై పరీక్షలు జరిపి, నిలిచి నిలిచి పైకివచ్చు క్రమమును పట్టికలుగా ప్రకటించెను.

గ్రంథమున మందు వెలసిన 35 ఏండ్లకుగాని పనిచోట గది వెలయలేదు. ఆ నడుమ నెందఱో కూలివాండ్రు దేహములతో మూల్యము చెల్లించిరి. తెలిసినది పదుగురికి జెప్పక, చెప్పినది చేయక యుండుట యెంత యనర్థమో దీనివలన గ్రహింపవచ్చును.

నేటికిని లోతునుండి వచ్చినవానికి దురద, కీళ్లనొప్పి, తిమ్మిరి, తలతిరుగుట, ఆయాసము గలిగినచో నలసట యని యుపేక్షింపరాదు. వెల్లకిల పరుండబెట్టి, శుద్ధమగు ప్రాణవాయువు నిచ్చి, పీడనపు గదిగల వైద్యశాలకు శీఘ్రముగా జేర్పవలెను. మరల నీట దింపరాదు. నొప్పి తగ్గినదని వైద్యమును మానరాదు.