42 నుంచి 25కి: ఆలస్యంగా తెలిసిన క్యాన్సర్‌కి కోర్టులు కట్టిన లెక్క

ఈరోజు ఎపిసోడ్ మా ఇంటి ముచ్చటతో మొదలుపెడతాను. మా పెద్దమ్మకి మెడ దగ్గర చిన్న గడ్డ లేచింది. దగ్గర్లోని డాక్టర్‌కి చూపిస్తే, "కొవ్వు గడ్డమ్మా, ఏం భయం లేదు" అని పంపేశాడు. ఏడాది తిరిగేసరికి అది క్యాన్సర్ అని తేలింది. ఆవిడ పోయాక ఇంట్లో అందరి నోటా ఒకటే మాట: "ముందే తెలిసుంటే బతికేదా?"

ఈ ప్రశ్న మా ఒక్క ఇంటిదే కాదు. ఇంగ్లండ్‌లో ఇదే ప్రశ్న ఏళ్ల తరబడి కోర్టుల్లో తిరిగింది. ఆ కేసు పేరు గ్రెగ్ వర్సెస్ స్కాట్.

1994 నవంబర్. ఒకాయన ఎడమ చంక కింద గడ్డ ఉందని డాక్టర్ దగ్గరికి వెళ్లాడు. డాక్టర్ కొవ్వు గడ్డే అన్నాడు, పెద్దాస్పత్రికి రాయలేదు. మరుసటి ఏడాది ఇంకో డాక్టర్ చూసి, అనుమానం వచ్చి పెద్దాస్పత్రికి పంపాడు. అక్కడ పరీక్ష చేస్తే నాన్-హాడ్జికిన్స్ లింఫోమా అనే క్యాన్సర్ అని తెలిసింది. ఈ గొడవలో వైద్యం దాదాపు 9 నెలలు ఆలస్యమైంది. ఈలోగా జబ్బు ఛాతీలోకి పాకింది.

ఆయన కేసు వేశాడు. మొదటి డాక్టర్‌ది నిర్లక్ష్యమేనని జడ్జి ఒప్పుకున్నాడు. మరి డబ్బులొచ్చాయా? రాలేదు!

ఎందుకో చూడండి. నిపుణుల లెక్క ప్రకారం, టైముకి వైద్యం మొదలైతే ఆయనకి జబ్బు నయమయ్యే అవకాశం 42 శాతం. నయం కావడం అంటే ఇక్కడ పదేళ్లు బతికి ఉండటం. ఆలస్యం వల్ల అది 25 శాతానికి పడిపోయింది. కానీ ఇలాంటి సివిల్ కేసుల్లో త్రాసు సగానికి మించి మొగ్గాలి. "డాక్టర్ తప్పు చేయకపోతే నాకు నయమయ్యేదే" అని 50 శాతానికి మించి చూపించాలి. 42 అంటే సగం కన్నా తక్కువ. అంటే డాక్టర్ సరిగ్గా చూసినా నయం కాకపోయే అవకాశమే ఎక్కువ కదా, కాబట్టి నష్టం ఆ తప్పు వల్లే జరిగిందని చెప్పలేం అన్నారు.

కేసు పైకి పైకి వెళ్లి హౌస్ ఆఫ్ లార్డ్స్ చేరింది. 2005 జనవరిలో తీర్పు. ఐదుగురు జడ్జిల్లో ముగ్గురు కాదన్నారు, ఇద్దరు ఔనన్నారు. ఓడిపోయాడు.

ఔనన్న వాళ్లలో లార్డ్ నికోల్స్ వాదన మనకి ఈజీగా ఎక్కుతుంది. 60 శాతం ఆశ ఉన్న రోగికి అది 40 శాతానికి తగ్గితే పరిహారం వస్తుంది. 40 శాతం ఉన్నవాడు అంతా పోగొట్టుకుంటే పైసా రాదు. ఇదెక్కడి న్యాయం అని ఆయన బాధ. కాదన్న వాళ్లలో బారోనెస్ హేల్ ఇంకో వైపు చూపించారు. శాతాల లెక్కన పంచడం మొదలుపెడితే, ఇప్పుడు పూర్తి పరిహారం పొందుతున్న 80 శాతం వాడికి కూడా కోత పడుతుంది కదా అని. నిజం చెప్పాలంటే, రెండూ కొట్టిపారేసే మాటలు కావు.

ఇందులో ఇంకో మెలిక ఉంది. 2005లో తీర్పు వచ్చేనాటికి ఆ రోగి బతికే ఉన్నాడు! శాతం అనేది వందమంది గురించి చెబుతుంది, మన ఒక్కడి గురించి చెప్పదు.

అమెరికాలో దీనికి 22 ఏళ్ల ముందే వేరే జవాబు వచ్చింది. అక్కడ వాషింగ్టన్ రాష్ట్రంలో ఒకాయన 1974లో నొప్పి, దగ్గు అని ఆస్పత్రికి వెళితే దగ్గు మందు ఇచ్చారు. 1975లో ఊపిరితిత్తుల క్యాన్సర్ అని బయటపడింది. 1977లో చనిపోయాడు. అవకాశం 39 నుంచి 25 శాతానికి తగ్గిందన్నారు. అంకెలు దాదాపు అవే, చూశారా? కానీ 1983లో ఆ రాష్ట్ర సుప్రీంకోర్టు, సగం కన్నా తక్కువ అవకాశం ఉన్నా సరే, కేసు జ్యూరీ ముందుకి వెళ్లొచ్చు అంది. ఇదే హెర్స్‌కోవిట్స్ కేసు.

మరి మన దగ్గర? 1995లో మన సుప్రీంకోర్టు వి.పి. శాంత కేసులో, ఫీజు తీసుకుని చేసే వైద్యం వినియోగదారుల చట్టం కిందకి వస్తుందని చెప్పింది. అందరికీ ఉచితంగా చేసే ఆస్పత్రులు రావు. అయితే జబ్బు కనిపెట్టలేకపోయిన ప్రతిసారీ అది నిర్లక్ష్యం అయిపోదు. మామూలు నైపుణ్యం ఉన్న డాక్టర్ తీసుకునే జాగ్రత్త తీసుకున్నాడా లేదా అన్నదే కొలత. 2005లో జేకబ్ మాథ్యూ కేసులో కోర్టు ఇదే చెప్పింది.

మన హైదరాబాద్ కేసు ఒకటుంది, క్యాన్సర్‌ది కాదు గానీ తప్పు నిర్ధారణదే. వి. కిషన్ రావు గారు మలేరియా డిపార్ట్‌మెంట్‌లోనే పనిచేసినాయన. 2002లో ఆయన భార్య చలిజ్వరంతో ఆస్పత్రిలో చేరితే టైఫాయిడ్‌కి వైద్యం చేశారు. ఆమె చనిపోయారు. జిల్లా ఫోరం 2 లక్షల పరిహారం ఇమ్మంది, పై కమిషన్లు కాదన్నాయి. 2010లో సుప్రీంకోర్టు జిల్లా ఫోరం తీర్పునే నిలబెట్టింది. ప్రతి కేసులోనూ నిపుణుడైన డాక్టర్ సాక్ష్యం తప్పనిసరి కాదని కూడా తేల్చింది. మామూలు మనిషికి ఇది చిన్న విషయం కాదు. ఒక డాక్టర్ మీద సాక్ష్యం చెప్పడానికి ఇంకో డాక్టర్ ముందుకి రావడం ఎంత కష్టమో మీకు తెలుసు.

ఇన్ని కేసులు చదివాక నాకు అర్థమైంది ఒకటే. "ముందే తెలిసుంటే" అన్న మాటకి కోర్టు తారీఖులు అడుగుతుంది. ఎప్పుడు చూపించారు, ఏం చెప్పారు, ఏ పరీక్ష రాశారు? మా పెద్దమ్మ మొదటిసారి వెళ్లినప్పటి చీటీ మా దగ్గర లేదు. కేసు మాట అటుంచి, ఏ నెలలో వెళ్లిందో కూడా ఇంట్లో తలో మాట చెబుతారు.

అందుకే, ఫోన్ చేతిలోనే ఉంది కదా, అమ్మానాన్నల ప్రతి చీటీ, ప్రతి రిపోర్టు ఫోటో తీసి పెట్టండి. ఆస్పత్రిలో అడ్మిట్ అయితే, రికార్డులు అడిగిన 72 గంటల్లో ఇవ్వాలని 2002 నాటి రూల్ ఉంది. వినియోగదారుల కమిషన్‌కి వెళ్లడానికి గడువు మామూలుగా రెండేళ్లు. అన్నిటికన్నా ముందు, గడ్డ తగ్గకపోతే, దగ్గు పోకపోతే ఇంకో డాక్టర్‌కి చూపించండి. కోర్టులో ఎవరు గెలిచినా, పోయిన తొమ్మిది నెలలు వెనక్కి రావు.