ఫ్యాక్టరీ గేటు దగ్గర మన చరిత్ర: జీడిమెట్ల వలస, నష్టపరిహార హక్కు

కుమ్రం భీం గురించి, సంత్ సేవాలాల్ మహరాజ్ గురించి మన పిల్లలకు చెప్పుకుంటున్నాం. చెప్పుకోవాలి కూడా. అలాగే గూడెం, తండా వదిలి పట్నం చేరిన మన తల్లిదండ్రుల బతుకు కూడా చరిత్రే. అందులో ఒక ముఖ్యమైన అధ్యాయం జీడిమెట్ల పారిశ్రామికవాడలో నడిచింది.

1960లలో బాలానగర్‌లో ఐడీపీఎల్ మందుల కర్మాగారం వచ్చింది. తరువాత దానికి దగ్గర్లోనే జీడిమెట్ల పెరిగింది. మందులు, రసాయనాలు, ప్లాస్టిక్, ఇనుము పరిశ్రమలు వరుసగా వెలిశాయి. వానలు లేక పంట ఎండిన పాలమూరు, దేవరకొండ తండాల వాళ్లు, తరువాత ఒడిశా, జార్ఖండ్ ఆదివాసులు షాపూర్‌నగర్, చింతల్, సూరారం బస్తీల్లో అద్దె గదులు తీసుకున్నారు. చాలామందిని పనిలో పెట్టింది కంపెనీ కాదు, కాంట్రాక్టర్. ప్రెస్ మిషన్‌లో వేలు తెగినా, యాసిడ్ పడి ఒళ్లు కాలినా "మావాడు కాదు" అనడానికి అదే సాకు అయింది.

కానీ ఆ సాకును చట్టం ఎప్పుడో తోసిపుచ్చింది. బ్రిటిష్ ఇండియాలో 1923లో కార్మిక నష్టపరిహార చట్టం చేశారు, 1924 జూలై 1 నుంచి అమలైంది. అంతకుముందు పరిహారం కావాలంటే యజమాని తప్పు నిరూపించాలి. ఈ చట్టం ఆ భారం తీసేసింది. పని చేస్తుండగా, పని వల్ల ప్రమాదం జరిగిందని తేలితే చాలు. కాంట్రాక్టర్ మనిషికి దెబ్బ తగిలినా అసలు యజమానిని అడగవచ్చు.

ఆ చట్టంలో ఇంకో గొప్ప రక్షణ ఉంది. కార్మికుడు చనిపోతే పరిహారాన్ని కుటుంబం చేతికి నేరుగా ఇవ్వకూడదు, కమిషనర్ దగ్గర జమ చేయాలి. శవాన్ని ఊరికి పంపే తొందరలో, ఏడుస్తున్న భార్య చేతిలో కొంత నగదు పెట్టి వేలిముద్ర వేయించుకుంటే లెక్క తీరిపోదు. హక్కు వదులుకుంటున్నానని రాయించుకున్న ఒప్పందం కూడా చెల్లదు. ఈ సంగతి తెలియక ఎన్ని కుటుంబాలు మౌనంగా ఊరికి వెళ్లిపోయాయో!

స్వాతంత్ర్యం తరువాత 1948లో ఈఎస్ఐ చట్టం వచ్చింది. చిన్న జీతాల వాళ్లకు వైద్యంతో పాటు, దెబ్బ తగిలి పని చేయలేని రోజులకు జీతంలో సుమారు 90 శాతం, శాశ్వత వైకల్యానికి నెలనెలా డబ్బు, మరణిస్తే ఆధారపడినవారికి పింఛను దాని వరాలు. జీడిమెట్ల వాళ్లకు సనత్‌నగర్ ఈఎస్ఐ ఆసుపత్రి అలా దగ్గరైంది.

కోర్టులూ దారి చూపాయి. ఒడిశాలోని జయపురంలో ఒక సినిమా హాలులో పని చేస్తూ పడిపోయిన వడ్రంగికి ఎడమ చెయ్యి తీసేశారు. ఒక చేతితో వడ్రంగం చేయలేడు కాబట్టి అతని సంపాదనశక్తి పూర్తిగా పోయినట్టేనని 1976లో ప్రచురితమైన తీర్పులో సుప్రీంకోర్టు ఒప్పుకుంది. పోయిన అవయవం ఎంత అన్నదే కాదు, పోయిన బతుకుతెరువు ఎంత అన్నది కూడా ప్రశ్నే.

1979లో అంతర్రాష్ట్ర వలస కార్మికుల చట్టం వచ్చింది. అయితే అది రాష్ట్రం దాటి వచ్చినవారికే. అచ్చంపేట నుంచి జీడిమెట్ల వచ్చిన మనవాడు ఎంత దూరం వచ్చినా ఆ చట్టం దృష్టిలో వలస కార్మికుడు కాడు.

2025 జూన్ 30న పాశమైలారంలోని సిగాచి పరిశ్రమలో పేలుడు జరిగింది. చనిపోయినవారిలో చాలామంది వేరే రాష్ట్రాల నుంచి వచ్చినవాళ్లే. డీఎన్ఏ పరీక్షలతో గుర్తించాల్సి వచ్చింది, కొందరి ఆనవాళ్లే దొరకలేదు. హాజరు పుస్తకంలో పేరుండటం ఎంత విలువైనదో ఆ రోజుల్లో అందరికీ తెలిసింది. అదే ఏడాది నవంబర్ 21న కొత్త కార్మిక కోడ్‌లు అమలులోకి వచ్చాయి. పాత చట్టాల పేర్లు మారాయి, పని ప్రమాదానికి పరిహారం అన్న మూలసూత్రం మారలేదు.

తమ్ముళ్లూ, చెల్లెళ్లూ! ఇంట్లో పనికి వెళ్లేవాళ్లకు ఈఎస్ఐ నంబర్ ఉందో లేదో ఈ రోజే చూడండి. జీతం స్లిప్పు, గేట్ పాస్ ఫోటో తీసి ఫోన్‌లో దాచండి. ప్రమాదం జరిగితే ఆసుపత్రి కాగితాల మీద "పనిలో తగిలిన దెబ్బ" అని రాయించండి. ఖాళీ కాగితం మీద సంతకం పెట్టనివ్వకండి. పింఛనుకు 40 శాతం వైకల్యం ఉండాలి, పరిహారానికి ఆ నిబంధన లేదు. బొటనవేలు పోతే 1923 చట్టం పట్టికలో 30 శాతం నష్టంగా లెక్క. పింఛను రాలేదని పరిహారం వదిలేయకండి.

లాయరుకు డబ్బు లేదని ఆగకండి. 1987 న్యాయసేవల చట్టం ప్రకారం షెడ్యూల్డు తెగలవారికి ఆదాయంతో పనిలేకుండా ఉచిత న్యాయ సహాయం అందుతుంది. 15100కు ఫోన్ చేయండి. జల్, జంగల్, జమీన్ కోసం కొట్లాడిన వారసులం మనం. హాజరు పుస్తకంలో మన పేరు కోసం కూడా కొట్లాడుదాం.