మూసారాంబాగ్ నుంచి ఎల్బీనగర్ దాకా: విదేశాంగ విధానం, క్వాంటం భౌతికశాస్త్రం, వృక్షరసాయనం – తెలుగు పరిశోధన భాష చరిత్ర

వ్యాససంగ్రహం:
తూర్పు హైదరాబాదులోని దిల్‌సుఖ్‌నగర్, ఎల్బీనగర్ పరిసరాలు నేడు ఉన్నత విద్యార్థుల నివాసప్రాంతాలుగా ప్రసిద్ధం. ఈ పరిసరాలతోనూ, వీటికి చేరువలోని విద్యాసంస్థలతోనూ మూడు వేర్వేరు శాస్త్రాల చరిత్ర ముడిపడి ఉంది. ప్రాంతీయ విదేశాంగ విధానం, క్వాంటం భౌతికశాస్త్రం, వృక్షరసాయనం అనే ఈ మూడు రంగాల్లో తెలుగునాట జరిగిన కృషిని చారిత్రకంగా పరిశీలించి, ఆ జ్ఞానం తెలుగులో పరిశోధన స్థాయికి ఎందుకు చేరలేదో వివరించడం ఈ వ్యాసం లక్ష్యం.

కీలక పదాలు: సైన్యసహకార ఒడంబడిక, ఉస్మానియా విశ్వవిద్యాలయం, సూరి భగవంతం, టి. ఆర్. శేషాద్రి, తెలుగు అకాడమి, పరిశోధన భాష.

1. ఉపోద్ఘాతం

దిల్‌సుఖ్‌నగర్ అనగానే పోటీపరీక్షల శిక్షణ సంస్థలు, వసతిగృహాలు, పుస్తకాల దుకాణాలు గుర్తుకు వస్తాయి. ఎల్బీనగర్ అనగానే విజయవాడ రహదారి కూడలి స్ఫురిస్తుంది. జిల్లాల నుంచి చదువుకోసం వచ్చే యువతలో చాలామందికి నగరంతో తొలి పరిచయం ఇక్కడే. వీరిలో డిగ్రీ వరకు తెలుగు మాధ్యమంలో చదివినవారు ఎందరో ఉంటారు. పరిశోధనలో చేరగానే వారు సిద్ధాంత గ్రంథాన్ని ఆంగ్లంలో రాయవలసి వస్తుంది. తెలుగుశాఖల పరిశోధకులను మినహాయిస్తే, మిగిలిన రంగాలవారికి మాతృభాషతో శాస్త్రసంబంధం అక్కడితో తెగిపోతుంది. ఇది వ్యక్తుల అసమర్థత వల్ల ఏర్పడిన స్థితి కాదు, దీని వెనుక రెండు శతాబ్దాల చరిత్ర ఉంది. ఆ చరిత్రను ఒక శాస్త్రానికి పరిమితమై చూస్తే పూర్తిగా అర్థం కాదు. కనుక స్వభావరీత్యా పూర్తిగా భిన్నమైన మూడు రంగాలను ఇక్కడ ఎన్నుకోవడమైనది.

2. విదేశాంగ విధానం: ఒక సమాధి, ఒక ఒడంబడిక

దిల్‌సుఖ్‌నగర్‌కు ఆనుకొని ఉన్న మూసారాంబాగ్‌కు ఆ పేరు ఫ్రెంచి సేనాని రేమండ్ వల్ల వచ్చిందని ప్రసిద్ధి. స్థానిక ప్రజలు ఆయనను మూసా రహీం అనీ, మూసా రాం అనీ పిలిచేవారు. ఆస్మాన్‌గఢ్ గుట్టమీద నల్లరాతి స్తంభంతో కూడిన ఆయన సమాధి నేటికీ ఉంది. 1755లో ఫ్రాన్సులో జన్మించిన రేమండ్ పుదుచ్చేరి మీదుగా దక్కనుకు వచ్చి, నిజాం అలీఖాన్ కొలువులో చేరాడు. ఐరోపా పద్ధతిలో శిక్షణ పొందిన పటాలాలను తయారుచేశాడు. నేటి గన్‌ఫౌండ్రీ ప్రాంతానికి ఆ పేరు ఆయన కాలంనాటి ఫిరంగుల కర్మాగారం వల్లనే వచ్చింది.

1795లో ఖర్దా యుద్ధంలో మరాఠాల చేతిలో నిజాం ఓడిపోయాడు. ఆ సమయంలో ఆంగ్లేయులు తటస్థంగా ఉండిపోవడంతో నిజాం ఫ్రెంచి పటాలాలపై మరింతగా ఆధారపడ్డాడు. మూడేళ్ల తర్వాత పరిస్థితి తారుమారైంది. 1798 మార్చి 25న రేమండ్ మరణించాడు. అదే ఏడాది సెప్టెంబరు 1న నిజాం ఆంగ్ల కంపెనీతో సైన్యసహకార ఒడంబడిక కుదుర్చుకున్నాడు. 6,000 మంది కంపెనీ సిపాయిలను పోషించడానికి ఏటా 24 లక్షల రూపాయలకు పైగా చెల్లించడానికీ, ఫ్రెంచి అధికారులను తొలగించడానికీ అంగీకరించాడు. అక్టోబరులో పదివేలకు మించిన ఫ్రెంచి పటాలాలను యుద్ధం లేకుండానే నిరాయుధం చేశారు. 1800 నాటి ఒడంబడికతో నేటి రాయలసీమ ప్రాంతం కంపెనీ పరమై దత్తమండలాలుగా పేరొందింది. కంపెనీకి తెలియకుండా ఇతర రాజ్యాలతో సంప్రదింపులు జరిపే అధికారాన్ని కూడా నిజాం వదులుకున్నాడు. స్వతంత్ర విదేశాంగ విధానం అన్నది హైదరాబాదు రాజ్యానికి ఆచరణలో అక్కడితో ముగిసింది.

ఇక్కడ గమనించవలసిన అంశం ఒకటుంది. లక్షలాది తెలుగువారి పాలకులను మార్చివేసిన ఈ సంప్రదింపులు పారశీక, ఆంగ్ల భాషల్లో సాగాయి. తెలుగులో మిగిలింది మూసారాం అనే పేరు, దత్తమండలం అనే మాట. విదేశాంగ చరిత్రకు సంబంధించినంతవరకు తెలుగు జ్ఞాపకం ఉన్న భాష అయింది గాని, పత్రం ఉన్న భాష కాలేకపోయింది.

ఈ దారిలోనే తర్వాతి చరిత్ర కూడా స్థలనామాలుగా నిలిచి ఉంది. సరూర్‌నగర్‌లో ఆరవ నిజాం కాలంనాటి అనాథ బాలల ఆశ్రమానికి విక్టోరియా రాణి పేరు పెట్టారు. నేటి మెట్రో స్టేషను కూడా ఆ పేరుతోనే ఉంది. దాని తర్వాతి స్టేషనైన ఎల్బీనగర్ పేరు లాల్ బహదూర్ శాస్త్రిని స్మరిస్తుంది. 1966 జనవరి 10న తాష్కెంట్ ఒప్పందంపై సంతకం చేసి, మరునాడే అక్కడ కన్నుమూసిన ప్రధాని ఆయన. పరాధీన ఒడంబడికతో మొదలై, స్వతంత్ర దేశం పొరుగుదేశంతో చేసుకున్న ఒప్పందం వరకు గల చరిత్ర కొద్ది కిలోమీటర్ల దారిలో ఇమిడి ఉంది.

3. క్వాంటం భౌతికశాస్త్రం: సూరి భగవంతం

కృష్ణాజిల్లా ఆగిరిపల్లిలో 1909లో జన్మించిన సూరి భగవంతం హైదరాబాదు నిజాం కళాశాలలో పట్టభద్రుడై, 1928లో కలకత్తాలో సి. వి. రామన్ వద్ద పరిశోధనలో చేరారు. 1931లో రామన్, భగవంతం కలిసి ఫోటాన్ స్పిన్‌కు ప్రయోగనిదర్శనం చూపుతూ పత్రం ప్రచురించారు. కాంతి కణానికి శక్తి, ద్రవ్యవేగాలతోపాటు స్వాభావికమైన కోణీయ ద్రవ్యవేగం కూడా ఉంటే, పరిక్షేపణ చెందిన కాంతి ధ్రువణతలో దాని జాడ కనిపించాలన్నది వారి తర్కం. కంటికి కనిపించే వెలుగును కొలిచి, కంటికి అందని క్వాంటం ధర్మాన్ని రాబట్టే ప్రయత్నమది.

1932లో భగవంతం ఆంధ్ర విశ్వవిద్యాలయంలో చేరారు. అక్కడ టి. వెంకటరాయుడుతో కలిసి సమూహ సిద్ధాంతాన్ని భౌతిక సమస్యలకు అన్వయిస్తూ రాసిన గ్రంథం 1948లో వాల్తేరు నుంచే వెలువడింది. అణువు సౌష్ఠవం తెలిస్తే దాని కంపనాల్లో ఏవి రామన్ వర్ణపటంలో కనిపిస్తాయో, ఏవి పరారుణ వర్ణపటంలో కనిపిస్తాయో ముందే చెప్పగలగడం ఈ పద్ధతి బలం. ఉదాహరణకు కార్బన్ డయాక్సైడ్ అణువులో రెండు ఆక్సిజన్ పరమాణువులు ఒకేసారి కార్బన్‌కు దూరంగా, దగ్గరగా జరిగే కంపనం రామన్ వర్ణపటంలో మాత్రమే కనిపిస్తుంది. అణువు వంగే కంపనం పరారుణంలో మాత్రమే కనిపిస్తుంది. దీర్ఘమైన గణన లేకుండా సౌష్ఠవం ఒక్కటే ఈ నిర్ణయం చేస్తుంది.

1949లో ఉస్మానియాకు ఆచార్యుడిగా వచ్చిన భగవంతం 1952 నుంచి 1957 వరకు ఉపాధ్యక్షులుగా ఉన్నారు. ఆ తర్వాత బెంగుళూరు భారతీయ విజ్ఞాన సంస్థ సంచాలకులయ్యారు. 1961 నుంచి 1969 వరకు రక్షణమంత్రికి శాస్త్రీయ సలహాదారుగా పనిచేశారు. 1962, 1965 యుద్ధాలు రెండూ ఆ కాలంలోనే జరిగాయి. ఎల్బీనగర్‌కు సమీపంలోని కంచన్‌బాగ్‌లో నేడున్న క్షిపణి పరిశోధనశాల డీఆర్‌డీఎల్ హైదరాబాదుకు వచ్చింది కూడా అప్పుడే. క్వాంటం భౌతికశాస్త్రవేత్త ఒకరు దేశ రక్షణవిధానానికి సలహాదారు కావడం ఈ రెండు రంగాలు ఎంత దగ్గరివో తెలుపుతుంది.

4. వృక్షరసాయనం: టి. ఆర్. శేషాద్రి

భగవంతం వాల్తేరులో ఉన్న కాలంలోనే అక్కడ రసాయనశాస్త్రాన్ని తీర్చిదిద్దినవారు టి. ఆర్. శేషాద్రి. తమిళనాడులోని కుళిత్తలైలో 1900లో జన్మించి, మాంచెస్టరులో రాబర్ట్ రాబిన్సన్ వద్ద పరిశోధన చేసిన శేషాద్రి, 1930ల తొలి భాగంలో ఆంధ్ర విశ్వవిద్యాలయానికి వచ్చారు. 1949లో ఢిల్లీకి వెళ్లేవరకు ఇక్కడే ఉన్నారు. 1960లో లండన్ రాయల్ సొసైటీ సభ్యత్వం ఆయనను వరించింది.

ఆయన బృందం ఎన్నుకున్న పదార్థాలు తెలుగు రైతుకు సుపరిచితమైనవి. పత్తిపూలు, గోగు కుటుంబపు పూలలోని పసుపు వర్ణకాలను వారు వేరుచేసి, వాటి నిర్మాణాలను నిర్ణయించారు. ఎస్. రంగస్వామితో కలిసి కానుగ గింజలోని పదార్థాలపై పనిచేశారు. పత్తిపూలలో లభించే గాసిపెటిన్ ఆరు హైడ్రాక్సిల్ సమూహాలున్న ఫ్లేవనాల్. అణువులో ఏ సమూహం ఏ స్థానంలో ఉందో తెలుసుకోవడానికి దానిని మిథైలీకరించడం, విచ్ఛిన్నం చేయడం, తిరిగి ప్రయోగశాలలో సంశ్లేషించి పోల్చడం నాటి పద్ధతి. సరళమైన ఫ్లేవనాల్‌లో అదనంగా ఒక హైడ్రాక్సిల్‌ను ప్రవేశపెట్టే ఆక్సీకరణ ప్రక్రియను అభివృద్ధి చేసి, మొక్క కూడా ఇదే క్రమంలో ఈ పదార్థాలను నిర్మిస్తుండవచ్చునని శేషాద్రి ప్రతిపాదించారు.

1942 ఏప్రిల్‌లో విశాఖపట్నంపై జపాను విమానాలు బాంబులు వేసిన తరువాత విశ్వవిద్యాలయం కొంతకాలం గుంటూరుకు తరలింది. పూలరంగులను పరిశోధించే ప్రయోగశాల సైతం అంతర్జాతీయ రాజకీయాలకు అతీతం కాదని ఈ ఘటన నిరూపించింది. 1931 నుంచి 1936 వరకు ఆ విశ్వవిద్యాలయ ఉపాధ్యక్షులుగా ఉండి ఈ ఇద్దరు శాస్త్రవేత్తలకూ స్థానం కల్పించిన సర్వేపల్లి రాధాకృష్ణన్ 1949లో సోవియట్ యూనియన్‌కు భారత రాయబారి కావడం కూడా ఇక్కడ స్మరణీయం.

హైదరాబాదులో ఈ శాస్త్రానికి ఆధారం 1944లో నిజాం ప్రభుత్వం ఆరంభించిన కేంద్ర శాస్త్ర పారిశ్రామిక పరిశోధనశాలలు. 1956లో వాటిని సీఎస్ఐఆర్ స్వీకరించింది. తార్నాక, ఉప్పల్ దారిలో ఉన్న నేటి ఐఐసీటీ ఆ పరంపరలోనిదే.

5. భాష: రెండు ప్రయోగాలు

ఈ మూడు రంగాల్లోనూ కృషి తెలుగునేలపై, అధికభాగం తెలుగువారి చేతులమీదుగా జరిగింది. అది తెలుగులో ఎందుకు నిలవలేదు? పరిభాష లేకపోవడమే కారణమన్న సమాధానం తరచుగా వినిపిస్తుంది. చరిత్ర దీనిని సమర్థించదు.

మొదటి ప్రయోగం ఉస్మానియాది. 1917లో అనువాద విభాగాన్ని నెలకొల్పి, మరుసటి ఏడాది విశ్వవిద్యాలయాన్ని ఆరంభించి, ఆధునిక శాస్త్రాలన్నిటినీ ఉర్దూలో బోధించారు. భౌతిక, రసాయన, వైద్య శాస్త్రాల పరిభాషను కొద్ది దశాబ్దాల్లోనే నిర్మించారు. ఒక భారతీయ భాష విశ్వవిద్యాలయ స్థాయి శాస్త్రాన్ని మోయగలదని దీనితో రుజువైంది. అయితే రాజ్యజనాభాలో దాదాపు సగంగా ఉన్న తెలుగువారికి ఆ భాష మాతృభాష కాదు. 1948 తర్వాత రాజ్యవ్యవస్థ మారగానే ఆ స్థానాన్ని ఆంగ్లం ఆక్రమించింది. ప్రయోగం ఆగిపోయింది భాషాశక్తి చాలక కాదు, దానిని నిలిపిన అధికారం తొలగిపోవడం వల్ల.

రెండవ ప్రయోగం తెలుగుది. 1906లో హైదరాబాదులో ఆవిర్భవించిన విజ్ఞానచంద్రికా మండలి చరిత్ర, శాస్త్ర గ్రంథాలను తెలుగులో ప్రచురించి దారి వేసింది. 1968లో ఏర్పడిన తెలుగు అకాడమి కళాశాల స్థాయి పాఠ్యగ్రంథాలనూ, పారిభాషిక పదకోశాలనూ అందించింది. దాని తొలి అధ్యక్షులు పి. వి. నరసింహారావు. అనంతరం ఆయన విదేశాంగమంత్రిగా, ప్రధానిగా పనిచేశారు. ఆయన ప్రధానిగా ఉన్న కాలంలోనే భారత్ 1992లో ఆసియాన్‌కు రంగాలవారీ సంభాషణ భాగస్వామి అయింది. 1995లో పూర్తి భాగస్వామ్యం పొందింది. లుక్ ఈస్ట్ విధానంగా ప్రసిద్ధమైన ఆ మార్పుకు సారథి తెలుగు పాఠ్యగ్రంథాల సంస్థకూ సారథి. అయినా ఆ విధానంపై పరిశోధన చేయదలచిన తెలుగు విద్యార్థి ప్రధానంగా ఆంగ్లగ్రంథాలనే ఆశ్రయించవలసి ఉంది.

లోపం ఎక్కడుందో ఈ రెండు ప్రయోగాలు తెలుపుతున్నాయి. అకాడమి వల్ల సౌష్ఠవం, ధ్రువణత, సంశ్లేషణ వంటి పదాలు తెలుగు విద్యార్థికి పాఠ్యపుస్తకంలోనే పరిచయమయ్యాయి. కాని పాఠ్యపుస్తకానికీ పరిశోధనపత్రానికీ నడుమ ఒక మెట్టు ఉండాలి. ఒక రంగంలో ఇప్పటివరకు జరిగినదేమిటి, వివాదాంశాలేమిటి, మిగిలిన ప్రశ్నలేమిటి అని చర్చించే సమీక్షావ్యాసం ఆ మెట్టు. తెలుగులో అది బలపడలేదు. పదకోశం పదాన్ని పుట్టిస్తుంది, వాదప్రతివాదాల్లో వాడుక మాత్రమే దానిని బతికిస్తుంది.

పైగా మూడు రంగాల అవసరాలూ ఒకటి కావు. విదేశాంగ చరిత్రకు కావలసినవి మూలపత్రాల తెలుగు అనువాదాలు. 1798, 1800 ఒడంబడికల పూర్తి పాఠం తెలుగులో చదివినప్పుడే దత్తమండలాల చరిత్రపై స్వతంత్రంగా వాదించగలం. క్వాంటం భౌతికశాస్త్రానికి గణితసంకేతాలు సార్వత్రికమే కనుక, వాటి అర్థాన్ని వివరించే వచనం కావాలి. వృక్షరసాయనానికి లాటిన్ నామంతోపాటు గోగు, కానుగ వంటి స్థానిక నామాలను, ప్రాంతీయ భేదాలతో సహా నమోదు చేయడం కావాలి. అవి లేనిదే పరిశోధన ఫలితం రైతు జ్ఞానంతో కలవదు.

6. ముగింపు

ఈ పరిశీలన వల్ల తేలిన అంశాలు:

• విదేశాంగ విధానం, క్వాంటం భౌతికశాస్త్రం, వృక్షరసాయనం తెలుగునాట ఒకే సంస్థల్లో, కొన్నిసార్లు ఒకే వ్యక్తుల జీవితాల్లో కలిసి నడిచాయి. బహుశాస్త్రీయత మనకు కొత్త కాదు.

• ఉస్మానియా ఉర్దూ ప్రయోగం పరిభాషాలోపం వల్ల ఆగలేదు. తెలుగు ప్రయోగం పాఠ్యగ్రంథం వద్దనే నిలిచిపోయింది.

• తెలుగులో ముందుగా పెంపొందవలసింది సమీక్షావ్యాసం. ఆంగ్లంలో సిద్ధాంతగ్రంథం సమర్పించే ప్రతి పరిశోధకుడూ తన రంగంపై అటువంటి వ్యాసమొకటి తెలుగులో రాయడం, ఆ రంగ నిపుణులే దానిని పరిశీలించడం ఆచరణసాధ్యమైన తొలి అడుగు.

దిల్‌సుఖ్‌నగర్ వసతిగృహాల్లో నేడు చదువుకుంటున్నవారిలోనే రేపటి రసాయన, భౌతిక, రాజనీతి శాస్త్రాల అధ్యాపకులున్నారు. వారు నేర్చినదాన్ని తమ ఊరి భాషలో వాదించగల స్థితి కల్పించడం విశ్వవిద్యాలయాల తెలుగుశాఖల బాధ్యత మాత్రమే కాదు, అన్ని శాఖలవారి బాధ్యత.